కొంగ ఈకలకు రంగు లేదు, గీత లేదు. మరి రూపం ఎలా వచ్చింది? జపాన్ చెక్క అచ్చు చిత్రాల గురించి ఒక సందేహం

దేవరకొండ డ్రాయింగ్ సార్:

మిత్రులందరికీ నమస్కారం. నేను దేవరకొండ దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో 18 ఏళ్లుగా డ్రాయింగ్ చెబుతున్నాను. మా బడిలో చదువుకుని ఇప్పుడు జపాన్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక అబ్బాయి, మొన్న ఊరికి వచ్చినప్పుడు ఇంటికి వచ్చి, అక్కడి పాత వస్తువుల అంగడిలో కొన్నానంటూ ఒక చిత్రం నా చేతిలో పెట్టి వెళ్లాడు. నిలువు దాదాపు 38 సెంటీమీటర్లు, అడ్డం 26 సెంటీమీటర్లు ఉన్న మెత్తని కాగితం మీద, మంచు కురుస్తున్న బూడిద రంగు ఆకాశం కింద, రెల్లు దుబ్బు పక్కన ఒంటి కాలి మీద నిలబడిన తెల్ల కొంగ ఆ చిత్రంలో ఉంది. ఒక మూలన నిలువుగా రెండు మూడు జపనీయ అక్షరాలు, వాటి కింద చిన్న ఎర్రని ముద్ర ఉన్నాయి.

నాలుగు రోజుల పాటు ట్యూబ్‌లైట్ వెలుగులో చూసి, కొంగ ఒంటిని ఉత్త తెలుపుగా వదిలేశారనే అనుకున్నాను. ఒక సాయంత్రం దాన్ని వాకిట్లోకి తెచ్చినప్పుడు ఏటవాలు ఎండ కాగితం మీద పడింది. అప్పుడు రెక్క మీద ఒక్కొక్క ఈక, మెడ కింద జాలరులా వేలాడే సన్నని కేశాలు, అన్నీ కాగితంలోంచి ఉబ్బి కనిపించాయి. అక్కడ సిరా లేదు, పెన్సిలు గీత లేదు. ఇన్నేళ్లుగా పిల్లలకు బొమ్మలు నేర్పుతున్న నేను అలాంటి తెలుపును ఎన్నడూ చూడలేదు.

నా సందేహాలు ఇవి. రంగు లేకుండా ఆ ఈకలను ఎలా అచ్చు వేశారు? ఇది నిజంగా చేత్తో వేసిన అచ్చేనా, యంత్రం మీద వేసిన నకలా అన్నది ఎలా తేల్చుకోవాలి? అన్నిటికంటే ముఖ్యమైనది మూడోది: ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో ఈ పద్ధతిలో పాలపిట్ట, తంగేడు పూలు కలిసిన ఒక చిత్రం చేయించాలని ఉంది. ఇదివరకు బెండకాయ, ఆలుగడ్డ కోసి అద్దకాలు చేయించాను. ఒక రంగు వరకు బాగానే వస్తుంది కానీ, రెండో రంగు వేయగానే పువ్వు ఒక చోట, దాని కాడ మరొక చోట పడుతున్నాయి. జపాన్ వాళ్లు పది, పదిహేను రంగులను వెంట్రుక వాసి తేడా లేకుండా ఎలా కలిపారో తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

పాలమూరు అచ్చు:

సార్‌కు నమస్కారం. నేను మహబూబ్‌నగర్ వాడిని. హైదరాబాదులో ప్రింట్‌మేకింగ్ చదువుకుని, చెక్క, లైనో (లినోలియం అనే మెత్తని షీటు) అచ్చుల మీదే పని చేస్తున్నాను. మీరు సాయంత్రపు ఎండలో చూసిన ఉబ్బును జపాన్‌లో కరజూరి అంటారు. కర అంటే ఖాళీ అని అర్థం. రంగు పూయని అచ్చు అన్నమాట. ఈకల గీతలను ఒక చెక్క మీద చెక్కి, దానికి ఏ రంగూ పూయకుండా, తడి కాగితాన్ని దాని మీద పరిచి వెనుక నుంచి గట్టిగా నొక్కుతారు. తడికి మెత్తబడిన పీచు చెక్కలోని పల్లాల్లోకి దిగి, ఆరిన తరువాత అదే ఆకారంలో నిలిచిపోతుంది. అంటే ఆ కొంగ ఒంటి తెలుపు కాగితపు తెలుపే. చుట్టూ ఉన్న ఆకాశాన్ని మాత్రమే బూడిద రంగుతో అచ్చు వేసి, కొంగ ఉండవలసిన చోటును ఆ చెక్క మీద తవ్వి వదిలేశారు. మంచు పలుకులు కూడా కొన్ని చిత్రాల్లో ఇలా వదిలిన కాగితమే. మరికొన్నింటిలో ఆల్చిప్పల పొడితో చేసిన గోఫున్ అనే తెల్ల రంగును పైన చిలకరిస్తారు. మీ చిత్రంలోని మంచు చుక్కలను వేలితో తాకకుండా పక్క నుంచి చూడండి, అవి కాగితం మీద లేచి ఉంటే గోఫున్ కావచ్చు.

మన అద్దకానికీ దీనికీ మూలంలోనే ఒక తేడా ఉంది. పెడనలో కలంకారీ వేసేవాళ్లు టేకు అచ్చును రంగులో ముంచి, పైనుంచి బట్ట మీదికి దించుతారు; అచ్చు కదులుతుంది, బట్ట కదలదు. జపాన్ పద్ధతిలో చెక్క నేల మీద స్థిరంగా ఉంటుంది, కాగితమే వచ్చి దాని మీద పడుకుంటుంది. మీ బెండకాయ, ఆలుగడ్డ అద్దకాలు మొదటి రకానివి కాబట్టే రెండో రంగు తప్పుతోంది. చేతిలో ఉన్న అచ్చు ఎక్కడ దిగుతుందో కంటి అంచనా తప్ప మరో ఆధారం లేదు కదా.

రంగులు కలిసే కిటుకు పేరు కెంతో. ప్రతి చెక్క మీద చిత్రానికి వెలుపల, ఒక మూలన లంబకోణంలో ఒక గాటు, అదే అంచున కాస్త దూరంలో అడ్డంగా మరొక గాటు చెక్కుతారు. కాగితపు మూల మొదటి గాటులోనూ, అంచు రెండో గాటు మీదా ఆనేలా పెట్టి వదిలితే, ఎన్నిసార్లు వేసినా కాగితం అదే చోట పడుతుంది. మరి వేరువేరు చెక్కల మీద ఆ గాట్లు ఒకే స్థానంలో ఎలా వస్తాయన్నది అసలు తెలివి. చిత్రకారుడు పలుచని కాగితం మీద గీసిన గీతల బొమ్మను చెక్క మీద బోర్లా అతికించి, ఆ గీతలు మిగిలేలా చుట్టూ చెక్కుతారు; ఆ పనిలో చిత్రకారుడి చేతి గీత ఉన్న కాగితం నశించిపోతుంది. అలా తయారైన మూల అచ్చు నుంచి, కెంతో గాట్లతో సహా, నల్ల సిరాతో ఎన్ని రంగులుంటే అన్ని ప్రతులు తీస్తారు. చిత్రకారుడు ఒక్కో ప్రతి మీద ఒక్కో రంగు ఎక్కడెక్కడ రావాలో గుర్తు పెడితే, ఆ ప్రతులను మళ్లీ కొత్త చెక్కల మీద అతికించి చెక్కుతారు. గాట్లు కూడా ఆ ప్రతి మీదే అచ్చయి ఉన్నాయి కనుక ప్రతి చెక్కకూ అవే కొలతలు దిగుతాయి. పిల్లలతో ఈ ఒక్క పని సరిగ్గా చేయిస్తే మీ సమస్యలో ముప్పాతిక వంతు తీరినట్టే.

అక్కడ చెక్కకు కొండ చెర్రీ కలపను వాడతారు, కాగితానికి కోజో అనే మొక్క పీచును వాడతారు. పీచు పొడవుగా ఉండడం వల్ల పదిహేనుసార్లు తడిపి రుద్దినా ఆ కాగితం చిరగదు. జిగురు, పటిక కలిపిన నీళ్లు పట్టించడం వల్ల రంగు చెదరదు. మనకు దొరికేవాటిలో నేపాలీ చేతి కాగితం దీనికి కొంత దగ్గరగా ఉంటుంది. డ్రాయింగ్ షీటు మాత్రం రెండో రంగుకే పీచు లేస్తుంది. చెక్క బదులు లైనో గానీ, నున్నటి ప్లైవుడ్ గానీ చాలు. నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి కర్ర మెత్తగా ఉంటుందని నేను ఒకసారి ప్రయత్నించాను కానీ, సన్నని గీతలు నిలవక విరిగిపోయాయి. నూనె రంగు వద్దు. పోస్టర్ రంగులో కొంచెం బియ్యపు గంజి కలిపి కుంచెతో చెక్క మీద పూయించండి. జపాన్ వాళ్లూ నీటి రంగులో బియ్యపు జిగురే కలుపుతారు. కాగితాన్ని ముందు రోజు రాత్రి తడి వార్తాపత్రికల మధ్య ఉంచాలి. వెనుక నుంచి రుద్దడానికి వాళ్లు వెదురు పొరలతో చేసిన బారెన్ అనే గుండ్రని సాధనం వాడతారు, మనకు గరిటె వెనుక భాగం సరిపోతుంది.

మీ చిత్రం సంగతికి వస్తే, మంచి భూతద్దంతో బూడిద రంగు ఆకాశాన్ని చూడండి. వరుసగా చిన్న చిన్న రంగు చుక్కలు కనిపిస్తే అది యంత్రపు ముద్రణ. చుక్కలు లేకుండా రంగు పీచులోకి ఇంకినట్టు కనిపించి, కాగితం వెనుక కూడా బొమ్మ నీడగా దిగి, రుద్దిన ఆనవాళ్లు ఉంటే అది చేతి అచ్చు. ఈకల ఉబ్బు కూడా దానివైపే మొగ్గుతోంది. ఒక విన్నపం: ఫ్రేము కట్టే దుకాణంలో దాన్ని ప్లైవుడ్‌కు జిగురుతో అతికించనివ్వకండి, లామినేషన్ అసలే వద్దు. మన నల్లగొండ ఎండకు నేరుగా ఎదురుపడే గోడ మీద పెట్టినా రంగు కొన్నేళ్లలోనే పోతుంది.

పుట్టపాక మగ్గం:

సార్, మాది నేత కుటుంబం. అచ్చు పని నాకు తెలియదు కానీ, పాలమూరు మిత్రుడు చెప్పిన కెంతో గురించి చదివి ఒక మాట చెప్పాలనిపించింది. మేము తేలియా రుమాలు నేసేటప్పుడు నిలువు పోగునూ అడ్డ పోగునూ నేతకు ముందే ముళ్లు కట్టి రంగులు అద్దుతాము. మగ్గం మీద ఆ రెండు పోగుల రంగులూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడితేనే పువ్వు పువ్వులా కనిపిస్తుంది. అడ్డ పోగు వేసిన ప్రతిసారీ అంచు దగ్గర గుర్తు చూసుకుని, అవసరమైతే వేలితో కాస్త లాగి సరిచేస్తాము. ఎంత సరిచేసినా అంచు కొద్దిగా చెదిరే ఉంటుంది, ఆ చెదురే మా బట్టకు అందం. జపాన్‌లో కూడా ఇలా పోగు కట్టి నేసే బట్ట ఉందనీ, దాన్ని కసూరి అంటారనీ మా నాయన చెప్పేవాడు.

మీ పిల్లలకు నేను చెప్పదగింది ఇంతే: గుర్తును చూసి పెట్టడం కాదు, తాకి పెట్టడం నేర్పండి. కాగితాన్ని రెండు చేతుల వేళ్ల మధ్య పట్టుకుని, మూల గాటుకు తగిలిన సంగతి వేలికి తెలిసిన తరువాతే మిగతాది వదలాలి. కన్ను తొందరపడుతుంది, వేలు పడదు. గంజి కూడా మొదటి రోజునే ఎక్కువ కలపకండి, అది రాత్రి గడిస్తే పులుస్తుంది. పడుగుకు గంజి పట్టించే ఇంట్లో పుట్టినవాణ్ని కనుక ఈ సంగతి గట్టిగా చెప్పగలను.

నల్లగొండ పాత పుస్తకాలు:

సాంకేతిక విషయాలను పై ఇద్దరూ చక్కగా వివరించారు కాబట్టి, నేను పక్షి, పువ్వు కలిసిన ఈ చిత్రాల చరిత్రనూ వాటిని జతపరిచే పద్ధతినీ మాత్రం ప్రస్తావిస్తాను. వీటిని జపాన్‌లో కచో-ఎ అంటారు. పూలు, పక్షుల చిత్రం అని అర్థం. ఈ సంప్రదాయం చైనా నుంచి వచ్చింది. జపాన్‌లో అనేక రంగుల చెక్క అచ్చు 1765 ప్రాంతంలో సుజుకి హరునోబు కాలంలో స్థిరపడింది. మొదట్లో ఎక్కువగా నటులూ సుందరీమణులే అచ్చులకు వస్తువులు. 1830ల నాటికి హొకుసాయి పెద్ద పూల చిత్రాలు వేశాడు. గాలికి వంగిన పియోనీ పూల మీద నిలదొక్కుకోలేక ఎగురుతున్న సీతాకోకచిలుక వాటిలో ఒకటి. అదే కాలంలో హిరోషిగె, పద్యాలు రాసుకునే సన్నని చీటీ ఆకారంలో నిలువుగా పక్షుల చిత్రాలు చేసి, చాలా వాటి పైభాగంలో ఒక పద్యం కూడా చెక్కించాడు. చిత్రాన్ని చూడడంతో పాటు చదువుకునేవారన్నమాట.

అప్పటి నీలం గురించి ఒక మాట. అంతకుముందు వాడిన నీలాల్లో ఒకటి, వానాకాలంలో మన పొలం గట్ల మీద చిన్న నీలి పూలు పూసే కలుపు మొక్క జాతికి చెందిన ఒక మొక్క పూల నుంచి తీసేవారు. అది తడి తగిలినా వెలుగు తగిలినా మాసిపోయేది. బెర్లిన్‌లో పుట్టిన ప్రష్యన్ నీలం 1830 ప్రాంతంలో జపాన్ అచ్చుల్లో విరివిగా వాడుకలోకి వచ్చిన తరువాతే, లకుముకి పిట్ట రెక్కకూ లోతైన నీటికీ నిలిచే రంగు దొరికింది.

సార్ వర్ణించిన చిత్రం పరిమాణాన్ని బట్టి ఓబాన్ అనే కొలతకు సరిపోతుంది. మంచులో కొంగ అనే వస్తువు వినగానే నాకు ఒహారా కోసోన్ గుర్తొచ్చాడు. 1877లో కనజావాలో పుట్టి 1945లో మరణించిన ఆయన, జీవితమంతా దాదాపు పక్షులనే చిత్రించాడు. తరువాతి కాలంలో షోసోన్ అనే పేరుతో సంతకం చేశాడు. ఆయన చిత్రాలను ప్రచురించిన వారిలో వతనబె షోజబురో ముఖ్యుడు. 1923 సెప్టెంబరు 1న వచ్చిన భూకంపంలో, దాని వెంట రేగిన మంటల్లో, వతనబె దుకాణమూ అచ్చు చెక్కలూ కాలిపోయాయి. ఆయన మళ్లీ మొదటి నుంచి చెక్కలు చేయించి, 1926 నుంచి కోసోన్ పక్షులను అచ్చు వేయించాడు. వాటిలో ఎక్కువ భాగం అమెరికాకు వెళ్లింది. అయితే మీ చిత్రం ఆయనదే అని ముద్రను బట్టి నిర్ణయించుకోకండి. చెక్కలు ఉన్నంత కాలం మళ్లీ మళ్లీ ప్రతులు తీశారు, చెక్కలను తిరిగి చెక్కి కూడా వేశారు. ముద్రను సైతం చెక్కవచ్చు. ఆ సంతకం ఫొటో పెడితే చదవగలిగినవారు చదువుతారు.

ఇక అసలు విషయం. జపాన్ చిత్రంలో పక్షినీ పువ్వునూ ఇష్టం వచ్చినట్టు కలపరు. ప్లమ్ పూలకు ఉగుయిసు అనే చిన్న పాట పిట్ట జత, ఎందుకంటే రెండూ వసంతాన్ని మోసుకొస్తాయి. విల్లో కొమ్మకు వానకోవెల, రెల్లుకూ వెన్నెలకూ అడవి బాతులు, వెదురుకు పిచ్చుక. ఆ జతను చూడగానే అది ఏ రుతువో చదువు రానివాడికి కూడా తెలియాలి. మనకు మామిడి చిగురూ కోయిలా ఎలాగో అలాగే. ఆ లెక్కన పాలపిట్టకు సరైన జత తంగేడు కాదు, జమ్మి. దసరా నాడు ఊరి బయట జమ్మి చెట్టు దగ్గరికి వెళ్లి, పాలపిట్టను చూసి, జమ్మి ఆకును బంగారమని పంచుకుంటాము. తంగేడు బతుకమ్మది. సార్ ఈ సంగతి ఆలోచించాలని నా మనవి.

కోయిల్‌సాగర్ పిట్టలు:

నేను పక్షులను చూసేవాడిని, చిత్రకళ తెలిసినవాడిని కాను. పాలపిట్ట తంగేడు పొద మీద గానీ, జమ్మి కొమ్మల లోపల గానీ కూర్చోదు. నేల మీది పురుగులను కనిపెట్టడానికి చుట్టూ ఖాళీగా ఉన్న ఎత్తైన మోడునో కరెంటు తీగనో ఎంచుకుంటుంది. చూసింది వేయాలని పిల్లలకు చెబుతూ, లేని చోట దాన్ని కూర్చోబెట్టడం నాకు సరిగా తోచలేదు. పైగా కూర్చున్నప్పుడు అది గోధుమ రంగు పిట్టలాగే ఉంటుంది. రెక్క విప్పినప్పుడే ముదురు నీలం, లేత నీలం పట్టీలు పక్కపక్కన మెరుస్తాయి. దసరా నాడు జనం వెతికేది ఆ మెరుపునే.

నల్లగొండ పాత పుస్తకాలు:

మీ అభ్యంతరం న్యాయమైనదే. అయితే జపాన్ చిత్రకారులు జత కట్టింది కాలాన్ని బట్టి. ఆ పక్షి ఆ కొమ్మ మీదే వాలాలని వాళ్లు పట్టుబట్టలేదు. మీరు చెప్పిన రెక్క విప్పడం మాత్రం ఈ చర్చలో అందరికంటే పనికొచ్చే మాట అనుకుంటున్నాను. పక్షి ఎగురుతూ ఉంటే అది ఏ కొమ్మ మీదా కూర్చోనక్కర్లేదు.

పాలమూరు అచ్చు:

అచ్చు వేసేవాడిగా నా ఓటు తంగేడుకే. జమ్మి ఆకు మరీ సన్నన, పిల్లల ఉలికి అందదు. పెద్ద పసుపు రేకలు ఒకే చెక్కలో వచ్చేస్తాయి. తంగేడు పూసే రోజులూ పాలపిట్టను వెతికే రోజులూ వారం పది రోజుల తేడాలోనివే కనుక రుతువు కూడా తప్పదు. రెక్కలోని రెండు నీలాలకు రెండు చెక్కలు అక్కర్లేదు. ఒకే చెక్క మీద ఒక అంచున నీళ్లు, మరొక అంచున చిక్కని రంగు పెట్టి కుంచెతో కలిపితే, అచ్చులో ముదురు నుంచి లేతకు జారుతుంది. దాన్ని బొకాషి అంటారు. ప్రతి కాగితానికీ కొత్తగా పూయాలి కాబట్టి ఏ రెండు ప్రతులూ ఒక్కలా రావు. పిల్లలకు ముందే చెప్పండి, లేకపోతే తప్పు చేశామనుకుంటారు.

దేవరకొండ డ్రాయింగ్ సార్:

అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాల తరువాత రాస్తున్నాను, ఎందుకంటే చేసి చూసి రాయాలనుకున్నాను. మా సైన్సు టీచర్ దగ్గర భూతద్దం తీసుకుని చూశాను. ఆకాశంలో చుక్కలు లేవు, రంగు పీచులోకి ఇంకి ఉంది. వెనుక వైపు కొంగ ఉన్న చోట తెల్లగా, ఆకాశం ఉన్న చోట బూడిద నీడతో, వంపులు తిరిగిన రుద్దుడు గీతలు కనిపించాయి. ఎవరిదైనా కావచ్చు, ఒక మనిషి చెయ్యి దాని వీపు మీద అన్నిసార్లు తిరిగిందని తెలిశాక దాన్ని పట్టుకునే తీరే మారిపోయింది. గోడకు కొట్టలేదు; పలుచని తెల్ల కాగితాల మధ్య పెట్టి బీరువాలో ఉంచాను, పిల్లలకు చూపించేటప్పుడు మాత్రం తీస్తున్నాను.

పిల్లలు జమ్మి, తంగేడు వాదనను తరగతిలో మళ్లీ మొదలుపెట్టి తంగేడునే గెలిపించారు. నాలుగు లైనో ముక్కలు తీసుకున్నాము: గీతలకు ఒకటి, పసుపుకు ఒకటి, ఆకుపచ్చకు ఒకటి, నీలానికి ఒకటి. కెంతో గాట్లను మూల అచ్చు నుంచే మిగతావాటి మీదికి దింపాము. మొదటి పది ప్రతుల్లో పసుపు జొన్న గింజంత పక్కకు జరిగింది. కారణం వెతికితే, తడి కాగితం వేసే లోపు ఫ్యాన్ గాలికి అంచులు ఆరి కుంచించుకుపోతున్నాయని తేలింది. ఫ్యాన్ ఆపి, చెమటలు కారుతున్నా తలుపులు మూసి వేశాము. పదకొండో ప్రతి నుంచి పువ్వు తన గీతల్లో కుదురుకుంది. కాగితాన్ని గాటుకు తాకించి వదలడం, పుట్టపాక మిత్రుడు చెప్పినట్టు, కళ్లు మూసుకుని చేసిన ఒక ఎనిమిదో తరగతి అమ్మాయికి అందరికంటే బాగా వచ్చింది.

పాలపిట్ట పొట్ట కింద ఈకలను రంగు లేకుండా ఉబ్బించే ప్రయత్నం ఇంకా ఫలించలేదు. గరిటెతో ఎంత నొక్కినా లైనో గీత కాగితంలోకి దిగడం లేదు. గాటు మరింత లోతుగా ఉండాలా, కాగితం ఇంకా తడిగా ఉండాలా అన్నది పాలమూరు మిత్రుడు చెబితే వచ్చే శనివారం మళ్లీ వేస్తాము.

పాలమూరు అచ్చు:

రెండూ కావాలి సార్. గాటు రెండింతల లోతు చేయండి, కాగితాన్ని రెండు పొరలు కాకుండా ఒక్కటే వాడండి, గరిటె పక్కన పెట్టి బొటనవేలి గోటి వెనుక భాగంతో ఒక్కొక్క ఈకను విడిగా నొక్కించండి. ఆ అచ్చును అన్ని రంగులూ అయిన తరువాత చివరగా వేయాలి. ముందే వేస్తే తరువాతి రుద్దుడుకు ఉబ్బంతా అణిగిపోతుంది.